రికార్డుకు రెండో పక్క

బాన్సువాడ,
బహుధాన్య సంవత్సరం, మార్గశిర మాసం (1938).

చిరంజీవి సౌభాగ్యవతి ప్రేమలకు అక్క గంగాబాయి ఆశీర్వదించి రాయునది. మా మరిది రాజారాముకు కూడా ఆశీస్సులు. ఇక్కడ మీ బావ, నేను, పిల్లలు దేవుని దయవల్ల కులాసా. మీ బావ మగ్గం నడుస్తున్నది. నూలు దొరకడం కష్టంగా ఉందని రోజూ గొణుగుతున్నాడు. హైదరాబాదులో చలి ఎక్కువైందని విన్నాను, ఒళ్ళు జాగ్రత్త.

పెద్దదాన్ని కనుక ముందు ఆశీర్వదించాను. ఇక అడగవలసింది అడుగుతాను.

మన పాట రికార్డు వచ్చింది. మొన్న వారపు అంగడి నాడు హీరాలాల్ సేటు తన దుకాణం ముందర గ్రామఫోను మిషన్ పెట్టి అందరికీ వినిపించాడు. ఆ రోజు నాకు ఏమైందో నువ్వు తెలుసుకోవాలి.

మనిద్దరం కంపెనీలో పాట పాడి, నేను హైదరాబాదు నుంచి వచ్చిన రోజునుంచి నేను ఊరుకోలేదు ప్రేమలా. బీడీలు చుట్టేచోట, నల్లబావి దగ్గర, కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను. "రికార్డుకు రెండు పక్కలుంటయి. ఒక పక్క మా చెల్లె అడుగుతది, రెండో పక్క నేను జవాబు చెప్త" అని. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. కానీ ఆ ఒక్క సంగతి కడుపులో దాచుకోలేకపోయాను. అవ్వ నేర్పిన పాట. అత్తగారింటికి పోతున్న చెల్లె ఒక్కొక్కటి అడుగుతుంటే, అక్క ఒక్కొక్క దానికి జవాబు చెప్పి సాగనంపే పాట. ఊహ తెలిసినప్పటినుంచీ అడిగేదానివి నువ్వు, చెప్పేదాన్ని నేను. బీర్కూరులో అయినా, డోంగ్లిలో అయినా, పెండ్లికూతురును బండి ఎక్కించే పూట మనిద్దరి కోసం మనిషిని పంపేవాళ్ళు. అవ్వ పోయిన తర్వాత ఆ పాట ఇంకెవరికీ రాదు, మనకు తప్ప.

అంగడికి వచ్చిన జనమంతా దుకాణం ముందు చేరారు. సేటు నన్ను పిలిచి ముందర బల్ల మీద కూర్చోబెట్టాడు. మిషన్‌కు చావి తిప్పి సూది పెట్టాడు. నీ గొంతు వచ్చింది.

"మంజీర దాటినంక మరిచిపోతవా అక్క,
వాకిట్ల ముగ్గేస్తె యాది జేస్తవా అక్క."

నిజం చెప్తున్నాను, నా కండ్లలో నీళ్ళు తిరిగాయి. కూరగాయలమ్మే సమ్మవ్వ తరాజు పట్టుకున్న చెయ్యి అట్లాగే గాలిలో ఆపేసింది. కొనేవాళ్ళు కూడా తొందరపెట్టలేదు. "నేను పండిన చాపల ఎవరు పండుతరక్క" అన్నచోట నీకు ఊపిరి తట్టుకుంది. అది కూడా వినిపించింది. చప్పుడు రాకుండా గది కిటికీలన్నీ మూసి, గోడలకు కంబళ్ళు కట్టారు కదా, ఆ ఉక్కలో నీకు గాలి ఆడలేదు. అది నాకొక్కదానికే తెలుసు. చివరకు "మల్ల ఎన్నడు రమ్మంటవ్, మాటియ్యవే అక్క" అని అడిగావు. తర్వాత గరగరమని చప్పుడు. సేటు సూది ఎత్తాడు.

అందరూ నావైపు తిరిగారు. నేను కొంగు సర్దుకున్నాను. సేటు రికార్డు తిరగేశాడు. నా గొంతు లోపల్లోపలే కదిలింది.

హార్మోనియం మోగింది. ఆ తర్వాత మళ్ళీ నువ్వే. కృష్ణుని భజన.

ముందు నాకు అర్థం కాలేదు. సేటు వేరే రికార్డు పెట్టాడేమో అనుకున్నాను. అడిగితే అతడు రికార్డు ఎత్తి, దాని మీది అక్షరాలు వెలుతురుకు పెట్టి చదివాడు. "రెండు దిక్కుల ప్రేమలాబాయి అనే ఉన్నది గంగాబాయీ. ఇంకో పేరు లేదు" అన్నాడు. పాపం, మెల్లగానే అన్నాడు. కానీ పక్కనే నిలబడ్డ లచ్చవ్వ ఊరుకుంటుందా? "ఏందే గంగా, నీ గొంతు గింత సన్నగ ఎన్నడైందే!" అన్నది. జనం నవ్వారు. ఆ నవ్వు మధ్యలోంచి లేచి ఇంటిదాకా ఎట్లా వచ్చానో నాకే తెలియదు. మీ బావ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు.

ఆ కంపెనీ మనిషి అన్నమాటలు నేను మరిచిపోలేదు. "ఒక్క పక్కకు మూడు నిమిషాలే పడుతుంది, అంతలో పాట ముగించాలి" అన్నాడు. అడిగేవన్నీ తీసి ఒక పక్క, జవాబులన్నీ తీసి ఇంకో పక్క పెడదామన్నాడు. "అడగంగనే జవాబు చెప్పకపోతె గది పాటెట్లయితదయ్యా" అని నేను అంటే, నువ్వే నా చెయ్యి గిల్లి ఊరుకోమన్నావు. ఊరుకున్నాను. నేను పాడుతుంటే నా గొంతు పెద్దదని, పాట గీసుకునే మైనం బిళ్ళ మీద సూది ఎగురుతున్నదని, జర వెనుకకు, ఇంకా వెనుకకు అంటూ తలుపు దాకా నడిపించాడు. చెప్పులు విడిచే చోట నిలబడి పాడాను ప్రేమలా. పాడిన తర్వాత "అయింది, బాగుంది" అన్నారు. మరునాడు నేను రైలెక్కాను.

భజన ఎప్పుడు పాడావు? నేను వచ్చిన తర్వాతనే కదా? ఆ తర్వాత నువ్వు రాసిన ఉత్తరాల్లో కిరాయి ఇంటి సంగతి రాశావు, ఇంటావిడ పిల్లి సంగతి రాశావు. ఈ సంగతి రాయలేదు. ముందే ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ రోజు అంగడికే పోయేదాన్ని కాదు.

ఎందుకు రాయలేదో నువ్వే చెప్పు. మరిదితో రాయించకు.

నీ అక్క,
గంగాబాయి.


బాన్సువాడ,
చిత్రభాను సంవత్సరం, వైశాఖ మాసం (1942).

చిరంజీవి ప్రేమలకు ఆశీస్సులు. ఇక్కడ క్షేమం. అక్కడ మీ ఇద్దరి క్షేమం దేవుడు చూడాలి.

నేను ఉత్తరం రాసి చాలా కాలమైందని నాకు తెలుసు. అప్పట్లో నీ జవాబు వచ్చింది. సూది ఎగిరి నా పక్క మైనం పాడైందని, నన్ను మళ్ళీ పిలిపించేంత సమయం లేదంటూ కంపెనీవాళ్ళు నిన్నే నిలబెట్టి ఏదో ఒకటి పాడమన్నారని రాశావు. "నీ మనసు కష్టపెట్టుకుంటవని చెప్పలేదక్క" అని రాశావు. దసరాకు రానా అని కూడా అడిగావు. నేను పలకలేదు. నువ్వు రాసింది అబద్ధమని కాదు. నిజమే అయి ఉంటుంది. కానీ నిజమైనంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

ఈ రోజు రాయడానికి కారణం ఉంది. ఎవరితోనైనా చెప్పకపోతే నా తల పగిలిపోయేట్టుంది. చెప్తే అర్థమయ్యేది నీకొక్కదానికే.

కోటగిరి దిక్కు కాలువ కింద పొలాలు కొనుక్కుని ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళ క్యాంపు ఉంది కదా. అక్కడ హనుమాయమ్మ గారని ఒకావిడ. మంచి మనిషి, బీడీలకు తునికాకు దొరకని రోజుల్లో నాకు వడ్ల దంపుడు పని ఇచ్చి ఆదుకుంది. ఆమె బిడ్డ కనకరత్నం పెండ్లి మొన్న జరిగింది. "మీ ఊళ్ళో సాగనంపే పాట ఒకటుందట గంగా, నువ్వొచ్చి పాడాలి" అని బండి పంపింది. పిలిచి ఎన్నాళ్ళైంది! నేను ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పోయాను.

పోయేసరికి పందిట్లో హీరాలాల్ సేటు మిషన్ మోగుతున్నది. ఇప్పుడు అతడు దాన్ని పెండ్లిండ్లకు కిరాయికి ఇస్తున్నాడు. మిషన్‌తో పాటు చావి తిప్పడానికి ఒక మనిషి వస్తాడు. సన్నాయి వాళ్ళు ఒక మూలన కూర్చుని ఆకులు వేసుకుంటున్నారు. వాళ్ళను పిలిచింది ముహూర్తానికి మాత్రమేనట. మిగతా పొద్దంతా మిషనే. సన్నాయి ముసలాయన నన్ను చూసి, "రా గంగమ్మా, నువ్వు గూడ మా పక్కకే కూసో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు నవ్వు రాలేదు.

సాగనంపే పూట వచ్చింది. కనకరత్నం తల్లిని పట్టుకుని ఏడుస్తున్నది. నేను గొంతు సవరించుకునేలోపల ఆ పిల్ల స్నేహితురాళ్ళు వరుసగా నిలబడి పాట ఎత్తుకున్నారు. మన పాటే! మిషన్‌లో విని నేర్చుకున్నారు. ఎంత బాగా నేర్చుకున్నారంటే "నేను పండిన చాపల" అన్నచోట, నీకు ఊపిరి తట్టుకున్నచోట, వాళ్ళు కూడా ఊపిరి తట్టుకున్నట్టు ఆగుతున్నారు! అందరూ ఒక్కసారే! అది పాటలోని సొగసు అనుకున్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

సరే, పిల్లలు అడుగుతున్నారు కదా, జవాబు నేను చెప్తాననుకుని మధ్యలో అందుకున్నాను.

"నీ చాప మడిచి దండెం మీదేస్త చెల్లె,
నువు తిన్న తలె కడిగి నీకే బోర్లిస్త చెల్లె."

పిల్లలు తికమకపడి ఆగిపోయారు. ఒకామె, "అత్తయ్యా, ఇది పాటలో లేదండీ" అన్నది. ఇంకొకామె, "గ్రామఫోను ప్లేటులో ఇంతే ఉందిగా" అన్నది. హనుమాయమ్మ నా చెయ్యి పట్టుకుని ప్రేమగా, "నువ్వు సొంతంగా కలిపావా గంగా? బాగానే ఉందమ్మా. అయితే అవతల వేళ మించిపోతోంది, ముందు అసలు పాట కానిద్దాం" అన్నది.

అసలు పాట!

ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు ఎట్లా తెలుస్తుంది? కానీ నేను ఏమని వాదించాలి? "అమ్మా, ఇది మా అవ్వ పాట, మిషన్‌లో ఉన్నది సగమే" అని చెప్పాను. విన్నారు, తలలూపారు. తలూపి మళ్ళీ మొదటినుంచి నీలాగానే పాడారు. "మల్ల ఎన్నడు రమ్మంటవ్, మాటియ్యవే అక్క" అని అడిగి, అక్కడితో పాట అయిపోయిందని చప్పట్లు కొట్టి భోజనాలకు పోయారు. ఏడ్చే పిల్ల అడిగింది అడిగినట్టే ఉంది. ఎవరూ జవాబు చెప్పలేదు. బండి కదిలింది.

ఆ పాట పుట్టిందే జవాబు కోసం కదా ప్రేమలా! పెండ్లికూతురుకు ధైర్యం వచ్చేది ఆ జవాబులతోనే. నువ్వు బండి దగ్గర నిలబడి అడుగుతుంటే పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళు. నేను చెప్పడం మొదలుపెడితే మెల్లమెల్లగా ఏడుపు తగ్గి, చివరికి కండ్లు తుడుచుకుని బండి ఎక్కేవాళ్ళు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతి పిల్లనూ ఏడిపించి, ఏడుపు మధ్యలోనే పంపేస్తున్నారు. ఆ సేటు మిషన్ సూది ఎక్కడ ఎత్తితే అక్కడే అందరి నోళ్ళూ ఆగుతున్నాయి.

నీ తప్పని అనడం లేదు. ఎవరి తప్పని అనాలో తెలియకనే ఈ మంట. కంపెనీ మనిషిని తిడదామంటే అతని పేరు కూడా నాకు తెలియదు. సేటును తిడదామంటే అతడు ఎదురుపడ్డప్పుడల్లా కుర్చీ వేసి, "జర బైఠో, నీ చెల్లె పాట వినిపో" అంటాడు. మీ బావతో చెప్తే, "నీకు నీ పాట యాదున్నది గదా, ఇగ ఫికరెందుకు" అంటాడు. పాట యాదిలో ఉంటే సరిపోతుందా? పిలిచేవాళ్ళుండాలి, వినేవాళ్ళుండాలి.

నువ్వు ఆ తర్వాత పాడి పంపిన రెండో రికార్డు అందింది. నాకు మిషన్ లేదు కనుక పిల్లలకు అందకుండా బియ్యపు గుమ్మి మీద పెట్టాను. ఇక పంపకు.

గంగాబాయి.


బాన్సువాడ,
పార్థివ సంవత్సరం, కార్తీక మాసం (1945).

చిరంజీవి ప్రేమలకు అక్క గంగాబాయి రాయునది.

నీ ఉత్తరం నిన్న ముట్టింది. మరిది మిల్లులో కాలికి దెబ్బ తగిలి దవాఖానలో ఉండి వచ్చాడని చదివి భయపడ్డాను. ఇప్పుడు నడుస్తున్నాడని రాశావు, సంతోషం. ఇక్కడ మీ బావ దగ్గు తగ్గలేదు. పిల్లలు బాగున్నారు.

కంపెనీవాళ్ళు నిన్ను పిలవడం మానేశారని రాశావు. ఇప్పుడు సినిమా పాటలే అమ్ముడుపోతున్నాయని, పెండ్లి పాటలు, భజనలు చేస్తే దుకాణాలవాళ్ళు తీసుకోవడం లేదని అన్నారట. రెండుసార్లు వాళ్ళ ఆఫీసుకు పోతే బయటే కూర్చోబెట్టి, "అవసరమైనప్పుడు కబురు చేస్తాం" అని పంపించారట. నువ్వు మళ్ళీ చాట ముందేసుకుని బీడీలు చుడుతున్నావని నీ ఉత్తరంలో లేదు, కానీ కాగితానికి పొగాకు వాసన వస్తున్నది. నాకు తెలియదా ఆ వాసన?

ఇక్కడ కూడా అదే కథ. మొన్నటి ఎండాకాలం డేరా సినిమా వచ్చి సంత మైదానంలో నెలదాకా ఉన్నది. మాట్లాడే సినిమాలు. అది పోయింది కానీ దాని పాటలు పోలేదు. ఇప్పుడు పెండ్లిండ్లలో పిల్లలు ఆ పాటలే పాడుతున్నారు. పెండ్లికూతురును బండెక్కిస్తూ వెన్నెల గురించి, వలపు గురించి పాడుతున్నారు. ముందు పాటలోంచి నా సగం పోయింది. ఇప్పుడు నీ సగం కూడా పోతున్నది. మిషన్ నన్ను వద్దన్నప్పుడు నిన్నైనా ఉంచుకుంటుందనుకున్నాను. దానికి నువ్వూ ఒకటే, నేనూ ఒకటే.

హీరాలాల్ సేటు దుకాణంలో మన రికార్డు ఇంకా ఉంది, కానీ వినేట్టు లేదు. యుద్ధం రోజుల్లో సూదులు దొరక్క తుమ్మముల్లు చెక్కి పెట్టేవాడు. ఆ ముల్లు పెట్టీ పెట్టీ గీతలన్నీ అరిగాయి. నీ గొంతు దూరంనుంచి, దుమ్ములోంచి వచ్చినట్టు వస్తుంది. చివరికి వచ్చేసరికి ఒకే గీతలో తిరుగుతుంది. "మాటియ్యవే అక్క, మాటియ్యవే అక్క, మాటియ్యవే అక్క" అంటూనే ఉంటుంది, సేటు లేచి వచ్చి చెయ్యి పెట్టేదాకా. అక్కడ కూర్చున్నవాళ్ళు నవ్వుతారు. పాత రికార్డులు తెస్తేనే కొత్తవి ఇస్తామని కంపెనీవాళ్ళు అడుగుతున్నారట, అరిగిన వాటిని కరిగించి మళ్ళీ పోస్తారట. మన రికార్డు కూడా ఇచ్చెయ్యనా అని సేటు నన్ను అడిగాడు. నీ సరుకు నీ ఇష్టం అన్నాను. ఇప్పటికింకా ఇవ్వలేదు.

ఇక నువ్వు అడిగిన సంగతి.

రేడియోవాళ్ళు నిన్ను పిలిచారని, పాత పాటలు పూర్తిగా కావాలన్నారని, పావుగంట సమయం ఇస్తామన్నారని రాశావు. మూడు నిమిషాల బాధ లేదు, మొత్తం పాట పాడవచ్చు అని రాశావు. "జవాబులన్నీ వరుసగా రాసి పంపు అక్క, రెండు గొంతులూ నేనే పాడుత" అని రాశావు. ఎంత సులభంగా రాశావు!

అంటే, అడిగేదీ నువ్వే, చెప్పేదీ నువ్వే. అప్పుడు నేను ఎవరిని? ఆ రోజు నా గొంతు పెద్దదని తలుపు దాకా నడిపించారు. ఇప్పుడు గొంతు కూడా అక్కరలేదు, మాటలు మాత్రం కాగితం మీద పెట్టి పంపాలి. రెండో పక్కన నా పేరు లేకుండా పోయిన నాడు నువ్వు నన్ను అడగలేదు. ఇన్నేళ్ళూ పెండ్లి పందిళ్ళలో, "ఇది పాటలో లేదు" అని పసిపిల్లలు నాకు చెప్తుంటే విన్నాను. ఇది నిజంగా మా పాటే అని ఎంతమందికి చెప్పుకున్నాను! చెప్పుకుని చెప్పుకుని నోరు నొచ్చి మానేశాను. ఇప్పుడు రేడియోవాళ్ళు అడిగేసరికి అందరికీ నా జవాబులు కావలసి వచ్చాయి.

నేను రాయను. అవి నావి. అవ్వ నా నోటికి నేర్పింది, నీ నోటికి కాదు. నువ్వు అడిగేదానివి, నీ వంతు నువ్వు ఎప్పుడో అమ్ముకున్నావు. నా వంతు అమ్మకానికి లేదు. రేడియోవాళ్ళకు అట్లాగే చెప్పు. వాళ్ళు నొచ్చుకున్నా సరే, నువ్వు నొచ్చుకున్నా సరే.

మీ బావ ఈ ఉత్తరం చదవమంటే చదివాను. "గింత కోపంగ రాయకు, చిన్నది గదా" అన్నాడు. చిన్నదేం కాదు, దానికి కూడా తల నెరిసి ఉంటుంది అన్నాను. ఒక్క అక్షరం మార్చలేదు.

మరిదికి కాలు నొప్పి ఉన్నన్నాళ్ళు వావిలాకు కాచి కాపడం పెట్టు.

ఇట్లు,
గంగాబాయి.

మరొక్క మాట. ఉత్తరం మడిచి, చిరునామా రాసి, మళ్ళీ విప్పాను.

రాయను అన్నది నిజం కాదు ప్రేమలా. రాయలేను.

నిన్న నీ ఉత్తరం రాగానే నాకు వచ్చింది కోపం కాదు, సంతోషం. పావుగంట ఇస్తారట, పాట మొత్తం వినిపిస్తుందట అని మీ బావకు చెప్తూ ఇల్లంతా తిరిగాను. వెంటనే కాగితం తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. ముగ్గు జవాబు వచ్చింది. చాప జవాబు వచ్చింది. ఆ తర్వాతవి తడబడుతూ తడబడుతూ వచ్చాయి. చివరిది రాలేదు. "మల్ల ఎన్నడు రమ్మంటవ్" అన్నదానికి జవాబు. మొదటినుంచి మళ్ళీ అందుకుని చూశాను. అక్కడికి రాగానే నా నోరు కూడా మిషన్ లాగా ఆగిపోతున్నది. పిలిచేవాళ్ళు లేక పాడడం మానేశాను కదా. దుకాణం ముందునుంచి పోతూ వస్తూ ఇన్నేళ్ళు విన్నది నీ పక్కనే కదా. నాకు తెలియకుండానే నాలోపల కూడా అదే మిగిలింది.

ఈ పొద్దున లచ్చవ్వను అడిగాను. దాని పెండ్లికి మనమే పాడాము కదా. పాట మొదటినుంచి అనుకుని చూసి, "గక్కడికే అయిపోతదే గంగా" అన్నది. అక్కడినుంచి సేటు దుకాణానికి పోయి, ఆ అరిగిన రికార్డు పెట్టించుకుని, నీ వెంబడి జవాబు చెప్పి చూశాను. నేను నోరు తెరిచేలోపల నువ్వు ఇంకోటి అడిగేస్తున్నావు. నాకోసం ఆగవు. అక్కడున్నవాళ్ళంతా చూస్తుండగానే రికార్డుతో కొట్లాడాను, "జర ఆగవే" అని. సేటు లేచి వచ్చాడు. మిషన్ ఆపి లోపలికి పోయాడు.

అవ్వ లేదు. ఇంకెవరికీ రాదు. నాకూ రాకపోతే అది ఇక లేనట్టే. మీ బావకు కూడా ఈ మాట చెప్పలేదు. నీకు చెప్పడానికి కూడా సిగ్గై, అంత కోపం రాశాను.

రేడియోవాళ్ళను కొన్నాళ్ళు ఆగమను. ఆగకపోతే పోనీ. నువ్వు రా. నా ముందర కూర్చుని, ఒక్కొక్కటి అడిగి, నేను చెప్పేదాకా ఆగు. చాప గురించి అడుగు, తలె గురించి అడుగు, తొందరపడకు. చివరిది అప్పుడైనా నోటికి వస్తుందేమో చూద్దాం. రాకపోతే ఇద్దరం కూర్చుని ఏదో ఒకటి కట్టుకుందాం. వచ్చిన తర్వాత తిట్టవలసింది ఉంది, తిడతాను. కానీ పండుగ దాకా చూడకు, మరిది కాలు పూర్తిగా నయమయ్యేదాకా కూడా చూడకు, అతన్నీ వెంటబెట్టుకుని రా. నిజామాబాదులో రైలు దిగితే బాన్సువాడ బస్సు అక్కడే ఉంటుంది.

ఈ ఉత్తరం అందిన రోజే బయలుదేరు.